ఏడు రోజులు బోటు మీదే: పెద్ద బోటెక్కే కొత్తవాళ్లకు

శ్రీకాకుళం, విజయనగరం తీరాన బందరువానిపేటలోనో, భావనపాడులోనో, ముక్కాంలోనో పుట్టినవాళ్లకు సముద్రం కొత్త కాదు. తెల్లారకముందే తెప్ప తోసుకుపోయి, ఎండ ముదిరేసరికి ఒడ్డుకు చేరే వేట చిన్నప్పటి నుంచి చూసిందే. అయితే ఆ వేటలో అన్నం ఇంట్లో, నిద్ర ఇంట్లో, స్నానం బోరింగు దగ్గర. విశాఖ ఫిషింగ్ హార్బరులోనో, గుజరాత్ వెరావల్‌లోనో మరబోటు ఎక్కాక ఈ మూడూ యాభై అడుగుల చెక్క మీదే, ఏడెనిమిది మంది మధ్య, ఊగుతూ జరగాలి. సముద్రం తెలిసినంత మాత్రాన బోటు మీద కాపురం తెలిసినట్టు కాదు. కొత్త కుర్రాళ్లు మూడో రోజుకే డీలా పడేది అలలకు కాదు. నీళ్లు సరిగా తాగక, నిద్ర కుదరక, తొడలు ఒరుసుకుపోయి.

కింది లెక్కలన్నీ ఎనిమిది మందికి, ఏడు రోజుల వేటకు. వెరావల్ వైపు వేట ఇరవై రోజుల దాకా సాగుతుంది కాబట్టి, అటు వెళ్లేవాళ్లు రోజు లెక్క పట్టుకుని హెచ్చవేసుకోవాలి.

నీళ్ల డ్రమ్ములు మూడు

బోటు మీద బతుకంతా మంచినీళ్ల లెక్కే. మనిషికి రోజుకు తాగడానికి 4 లీటర్లు, వంటకూ టీకీ 2, ఉప్పు వదిలించుకునే చివరి కడుగుడుకు ఒకటిన్నర. మొత్తం ఏడున్నర. ఎనిమిది మందికి 60 లీటర్లు, ఏడు రోజులకు 420. ఇంజిన్ ఆగినా, గాలి ఎదురు తిరిగినా తట్టుకోవడానికి ఇంకో మూడు రోజులవి 180. వెరసి 600 లీటర్లు. అంటే 200 లీటర్ల నీలం డ్రమ్ములు మూడు.

ఒకే పెద్ద ట్యాంకు కంటే మూడు డ్రమ్ములు మేలు. మూత సరిగా పడక ఒక్క కెరటం లోపలికి పోయినా, ట్యాంకయితే నీళ్లన్నీ పోతాయి. డ్రమ్మయితే మూడో వంతే. పాత డ్రమ్ము కొంటే అంతకుముందు అందులో ఏముందో అడిగి కొనాలి. వంటనూనె, పళ్లరసం డ్రమ్ములు కడిగితే పనికొస్తాయి. పురుగుమందు, యాసిడ్ డ్రమ్ములు ఎన్నిసార్లు కడిగినా వద్దు. మూత కింద రబ్బరు వాషరు ఉందో లేదో వేలు పెట్టి తడిమి చూడాలి.

నీళ్లు పాడయ్యేది ఎక్కువగా సముద్రంలో కాదు, జెట్టీ దగ్గరే. డీజిల్ పట్టిన పైపునే దులిపి నీళ్లకూ వాడేస్తారు. ఆ వాసన ఏడు రోజులూ పోదు, తాగినవాడికి కడుపు నిలవదు. నీళ్ల పైపు వేరే ఉండాలి. ముందుగా బకెట్టు నీళ్లలో చెంచాడు బ్లీచింగ్ పౌడరు కలిపి డ్రమ్ము లోపల తోమి, రెండుసార్లు తొలిచి పారబోసి, అప్పుడు నింపాలి. నిండిన 200 లీటర్లలో ఒక గ్రాము బ్లీచింగ్ పౌడరు గ్లాసు నీళ్లలో కలిపి, తేరిన నీళ్లు మాత్రం పోసి, అరగంట తర్వాత మూత బిగించాలి. వేట నిషేధం అయ్యాక, జూన్ 15న మొదటిసారి కదిలే బోటయితే ఈ పని తప్పనిసరి. రెండు నెలలు ఖాళీగా పడున్న డ్రమ్ములో ఏముంటుందో మూత తీస్తే ముక్కే చెబుతుంది.

రోజుకు 60 చొప్పున ఒక డ్రమ్ము మూడు రోజుల మీద ఎనిమిది గంటలు రావాలి. అంటే మొదటి డ్రమ్ము నాలుగో రోజు పొద్దున్న దాకా ఉండాలి. రెండోది ఏడో రోజు మధ్యాహ్నం దాకా. మూడో డ్రమ్ము మూత ఒడ్డు కనపడేదాకా తీయకూడదు. మొదటిది మూడో రోజు మధ్యాహ్నానికే అడుగంటిందంటే ఎవరో దొంగ స్నానం చేస్తున్నారు, లేదా కుళాయి కారుతోంది. ముందు కుళాయిని చూడండి, మనిషిని తర్వాత అనుమానించవచ్చు. డ్రమ్ములో చెంబు ముంచడం మాత్రం మొదటి రోజే మాన్పించాలి. చేపల చేయి ఒక్కసారి మునిగితే ఎనిమిది మందికీ విరేచనాలే. అడుగున కుళాయి బిగించుకోవాలి, లేదా చేతిపంపుతో తోడుకోవాలి.

ఐసు గదిలోని ఐసు కరిగితే చల్లగా ఊరిస్తుంది. అది చేపల కోసం చేసిన ఐసు, తాగడానికి కాదు.

బకెట్టు

కొత్తవాళ్లు దీన్ని పనిముట్టుగా లెక్కచేయరు. గిన్నెలు తోమడం, ఒళ్లు కడుక్కోవడం, డెక్కు కడగడం, మరుగు పని, అన్నీ సముద్రంలోంచి తోడిన నీళ్లతోనే. రోజుకు యాభైసార్లు తోడాలి. మనిషి నీళ్లలో పడేది తుఫానులో కంటే ఈ పనిలోనే ఎక్కువ అనుకుని జాగ్రత్తపడాలి.

ఐదారు లీటర్ల బకెట్టు చాలు. ప్లాస్టిక్ బకెట్టుకు వచ్చే తీగ చెవి రెండు గుంజులకు ఊడిపోతుంది. దాన్ని తీసేసి, అంచు కింద ఎదురెదురుగా రెండు కంతలు పెట్టి, వేలెడు లావు తాడునే చెవిగా ముడివేయాలి. తాడు మూడు బారలు ఉండాలి. రెండో కొస రెయిలింగుకు కట్టాలి. జారిపోతుందేమోనని మణికట్టుకు ఒక చుట్టు తిప్పుకునే అలవాటు చాలామందికి ఉంది. అదే ప్రాణం మీదికి తెస్తుంది. బోటు వేగం రెట్టింపైతే బకెట్టు లాగుడు నాలుగింతలవుతుంది. వల లాగుతూ రెండున్నర, మూడు నాట్లలో (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు, సుమారు 1.85 కిలోమీటర్లు) పోతున్నప్పుడు ఐదారు కిలోల బరువులా తోచే బకెట్టే, బోటు ఎనిమిది నాట్లలో పరుగెత్తుతుంటే నలభై కిలోల చేరువకు పోతుంది. చేతికి చుట్టుంటే బకెట్టుతోపాటు మనిషీ పోతాడు.

తోడే తీరు ఇది. మోకాలు రెయిలింగు లోపలి చెక్కకు ఆనించి నిలబడాలి. బకెట్టును బోటు పోయే దిక్కుకు, కాస్త ముందుకు, మూతి కిందికి వచ్చేలా విసరాలి. అది మునిగి సగం నిండి, మన కాళ్ల తిన్నగా వచ్చిన క్షణంలో ఎత్తేయాలి. మనల్ని దాటి వెనక్కి పోనిస్తే లాగుడు మొదలవుతుంది. అప్పటికీ రాకపోతే తాడు వదిలేయండి, రెయిలింగు పట్టుకుంటుంది. బోటు పూర్తి వేగంతో పరుగెత్తేటప్పుడు అసలు తోడకూడదు. వల లాగేటప్పుడే రెండు డ్రమ్ముల ఉప్పునీళ్లు నింపి పెట్టుకోవాలి.

హార్బరు లోపలి నీళ్లతో గిన్నెలు కూడా కడగొద్దు. డీజిలు, మురుగు అన్నీ అందులోనే. ఒడ్డు మసకబారి నీళ్లు నీలంగా తేరాకే బకెట్టు దించాలి.

మరుగుకు చాలా బోట్లలో గది ఉండదు, వెనక అంచే దిక్కు. పగలు సంగతి ఎలా ఉన్నా, రాత్రి పూట ఎవరికీ చెప్పకుండా వెనక్కి వెళ్లకూడదు. స్టీరింగు దగ్గర ఉన్నాయనకు "మావా, ఎనక్కెల్తన్నాను, సూడు" అని ఒక్క మాట చెప్పి, నడుముకు తాడు కట్టుకుని వెళ్లాలి. తిరిగొచ్చి "వచ్చేసినాను" అని చెప్పేదాకా ఆయన లెక్కపెడుతూ ఉండాలి. సిగ్గుపడే పని కాదిది. అల ఎక్కువగా ఉన్న రాత్రి డెక్కు మధ్యలోనే బకెట్టు వాడుకుని పారబోయడం ఇంకా మంచిది. ఆ బకెట్టు వేరే రంగుది అయ్యుండాలని వేరే చెప్పాలా!

మొదటి రెండు రోజులు

తెప్ప మీద ఎన్నడూ తిరగని తల పెద్ద బోటు మీద తిరుగుతుంది. తెప్ప గబగబా ఊగుతుంది, పెద్ద బోటు నిదానంగా పొర్లుతుంది. దానికి తోడు ఇంజిన్ వేడి, డీజిల్ పొగ. ఇది చేతకానితనం కాదు, రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది. అవొమిన్ లాంటి మాత్ర డాక్టరును అడిగి తీసుకునేవాళ్లు ముందు రాత్రి ఒకటి, బయలుదేరే గంట ముందు ఒకటి వేసుకుంటారు. వాంతి మొదలయ్యాక వేస్తే మాత్రే బయటికొస్తుంది. ఆ మాత్రకు మత్తు ఉంటుంది, కాబట్టి ఆ రోజు వించి (వల లాగే యంత్రం) దగ్గర నిలబడకూడదు. మందు తాగి అసలు వేసుకోకూడదు.

కేబిన్లో పడుకుంటే ఎక్కువవుతుంది. డెక్కు మధ్యలో, గాలి తగిలేచోట కూర్చుని దూరంగా నీళ్లూ ఆకాశం కలిసే గీతను చూస్తూ ఉండాలి. ఖాళీ కడుపు వద్దు. పల్చటి చోడి (రాగి) అంబలి గంటకో అరగ్లాసు, అల్లం ముక్క, ఒట్టి అటుకులు చాలు. నూనె తాలింపు వాసనే పడదు కాబట్టి మొదటి రోజు వంట గంజి, పచ్చడి, ఉడికిన గుడ్లతో ముగించడం తెలివైన పని. వాంతులు ఆగకపోతే లీటరు నీళ్లలో ఆరు చెంచాలు చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి గుక్కగుక్కగా పట్టాలి. చెంచా తలకొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే మేలు కంటే కీడు. ఆరేడు గంటలు మూత్రం రాలేదంటే మాత్రం డ్రైవరుకు చెప్పేయాలి. వెరావల్ బోట్లలో ఆయన్ని తండేలు అంటారు. ఎక్కడైనా ఆయన మాటే శాసనం.

వంట

ఏడు రోజులకు తోడు, నీళ్లలాగే ఇంకో మూడు రోజులవి కలిపి, పది రోజులకు బియ్యం 40 కిలోలు. ఒళ్లొంచి పనిచేసేవాడికి రోజుకు అరకిలో బియ్యం పడుతుంది. కందిపప్పు 6 కిలోలు, చోడిపిండి 5, ఉల్లి 10, బంగాళాదుంప 8, నూనె 4 లీటర్లు, చింతపండు కిలోన్నర, గుడ్లు 60. కారం, పసుపు, ఉప్పు, టీ పొడి, చక్కెర గాలి చొరని డబ్బాల్లో. ఆకుకూర రెండు రోజులే. తర్వాత ఆనపకాయ, క్యాబేజీ. గుమ్మడికాయ, కంద ఆఖరు దాకా ఆగుతాయి. సంచిలో కట్టి ఉంచిన ఉల్లి చెమ్మకు మొలకెత్తి కుళ్లుతుంది, వలగుడ్డలో వేసి కేబిన్ పైకప్పుకు వేలాడదీయాలి.

గ్యాస్ సిలిండరు కేబిన్లో పెట్టొద్దు. గ్యాస్ గాలికంటే బరువు. లీకైతే పైకి పోదు, చెక్క సందుల్లోంచి దిగి ఇంజిన్ గదిలో, బోటు అడుగున పోగవుతుంది. పొద్దున సెల్ఫ్ కొట్టగానే ఆ నిప్పురవ్వ చాలు. సిలిండరు డెక్కు మీద, నిలువుగా, రెండు చోట్ల తాడేసి కట్టి ఉండాలి. వండటం అయ్యాక పొయ్యి దగ్గర నాబ్ కాదు, సిలిండరు దగ్గర రెగ్యులేటరు కట్టేయాలి. పొయ్యి చుట్టూ నాలుగంగుళాల ఎత్తు ఇనుప చట్రం కొట్టించుకుంటే గిన్నె జారదు. గిన్నె సగానికి మించి నింపొద్దు. ఊగే బోటులో ప్రెషర్ కుక్కరే మంచి వంటపాత్ర, మూత బిగిసి ఉంటుంది, వేడి గంజి ఒలకదు. కాలితే 20 నిమిషాలు చల్లటి మంచినీళ్లు పోస్తూ ఉండాలి. నీళ్ల పొదుపు ఇక్కడ చూపకండి.

సముద్రపు నీళ్లు వంటకు కొంత పనికొస్తాయి. బియ్యం మొదటి కడుగుడు, గుడ్లూ దుంపలూ ఉడికించడం వాటితోనే చేయవచ్చు. ఎసట్లో ఐదు వంతులు మంచినీళ్లకు ఒక వంతు ఉప్పునీళ్లు కలిపితే అన్నం కాస్త ఉప్పగా, తినేలాగే ఉంటుంది. అప్పుడు కూరలో ఉప్పు తగ్గించాలి. అంతకు మించితే అన్నం తిన్నవాడు రెండింతలు నీళ్లు తాగుతాడు, పొదుపు అటే పోతుంది. పప్పులో మాత్రం చుక్క కూడా వద్దు. ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియంకు పప్పు గంటసేపు ఉడికించినా గింజ గింజగానే ఉంటుంది, గ్యాసు ఖర్చు.

రాత్రి మిగిలిన అన్నం చల్లారాక మంచినీళ్లు పోసి ఉంచితే తెల్లారికి చద్దన్నం. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, ఎండు చేప కాల్చుకుంటే వించి దగ్గర పన్నెండు గంటల దాకా ఆకలనిపించదు. మధ్యాహ్నానికీ మిగిలితే పారేయండి.

చేపకు కొదవ ఉండదు గానీ రెండు జాగ్రత్తలు. కానాగంత, సూర లాంటివి ఎండలో గంటలకొద్దీ పడి ఉంటే వాటిలో పుట్టే విషం ఎంత ఉడికించినా పోదు. తిన్న గంటలోపే ముఖం ఎర్రబడి, దద్దుర్లు, తలనొప్పి. కూరకు పక్కన పెట్టిన చేపను కూడా అమ్మకపు చేపలాగే వెంటనే ఐసులో పెట్టాలి. రెండోది, పొట్టను బంతిలా ఉబ్బించే చేపను ఎవరు ఎంత గొప్పగా శుభ్రం చేస్తామన్నా వండనివ్వొద్దు.

ఒళ్లు, బట్టలు

ఉప్పు చెమ్మను పీలుస్తుంది. ఉప్పునీళ్లలో తడిసిన బట్ట మధ్యాహ్నం ఎండలో గరగరలాడినా, రాత్రి మంచుకు మళ్లీ తడి అవుతుంది. ఆ తడిబట్ట తొడల మధ్య, చంకల్లో, నడుము దగ్గర ఒరుసుకుని రెండో రోజుకు ఎర్రబడుతుంది, నాలుగో రోజుకు పుండు. అందుకే మూడు జతలు కావాలి. రెండు జతలు పనికి. మూడోది నిద్రకు మాత్రమే. దాన్ని పాలిథిన్ సంచిలో కట్టి దాచుకోవాలి, ఉప్పునీళ్లు తగలనివ్వకూడదు. ఈ ఒక్క జత పొడిగా ఉంటే వారం గడిచిపోతుంది.

స్నానానికి మామూలు సబ్బు వృథా. సముద్రపు నీళ్లలో నురగ రాదు, విరిగిన పాలలా ఒంటికి అతుక్కుంటుంది. రూపాయి షాంపూ ప్యాకెట్లు తీసుకెళ్లండి, అవి ఉప్పునీళ్లలోనూ నురుగిస్తాయి. రెండు బకెట్లు ఉప్పునీళ్లు, ఒక షాంపూ, చివర్లో లీటరు మంచినీళ్లు. ఆ లీటరు నెత్తిన కుమ్మరించుకోకుండా తువ్వాలు తడిపి పిండి, ముఖం, మెడ, చంకలు, తొడలు, పాదాలు అనే వరుసలో తుడుచుకోవాలి. తర్వాత ఒరుసుకునే చోట్ల కొబ్బరినూనె. నూనె పుండు పడ్డాక కాదు, పడకముందు రాయాలి. తామర మొదలైతే ఒట్టి క్లోట్రిమజోల్ పూత వాడాలి. స్టెరాయిడ్ కలిసిన పూతలు రెండు రోజులు దురద తగ్గించి, తర్వాత ఒళ్లంతా పాకిస్తాయి.

వించి తిరుగుతున్నప్పుడు లుంగీ కట్టుకోకూడదు. కొస చుట్టుకుందంటే ఆపేలోపే పని అయిపోతుంది. నిక్కరు గానీ, ఒంటికి అతుక్కునే ప్యాంటు గానీ వేసుకోవాలి. మెడలో తాడు, తువ్వాలు తీసి లోపల పెట్టాలి.

నిద్ర

వల వేసి మూడు గంటలు లాగుతారు, ఎత్తుతారు, ఏరుతారు, మళ్లీ వేస్తారు. పగలూ రాత్రీ అదే వరుస. కాబట్టి ఒకే దఫా ఎనిమిది గంటల నిద్ర అనే మాట మర్చిపోవాలి. వల ఎత్తడానికి అందరూ కావాలి, చేప ఏరడానికి సగం మంది చాలు. రెండు జట్లుగా విడిపోయి, ఒక ఎత్తుకు ఒక జట్టు ఏరితే, రెండో జట్టు వెంటనే పడుకోవచ్చు. రెండు గంటల కునుకు మూడు గంటలవుతుంది. రోజుకు రెండు మూడు కునుకులు కలిపి ఆరు గంటలు పడాలి. నాలుగు గంటలతో మూడు రోజులు నెట్టినవాడు ఐదో రోజు వేలు పోగొట్టుకుంటాడు.

పడక బోటు మధ్యలో, ఎంత కిందికుంటే అంత ఊగు తక్కువ. పరుపు బయటి అంచు కింద లైఫ్ జాకెట్టు దూర్చితే పరుపు గోడ వైపు ఒరుగుతుంది. మనిషి ఆ సందులో ఇరుక్కుని కదలకుండా నిద్రపోతాడు. జాకెట్టూ చేతికి అందేచోటే ఉంటుంది. డెక్కు మీద చల్లగా ఉందని అంచున పడుకోవద్దు. కేబిన్ కిటికీలన్నీ బిగించుకుని పడుకున్నవాళ్లు అందరూ ఒకేలా తలనొప్పితో లేచారంటే అది నిద్రలేమి కాదు, సైలెన్సర్ పైపు పగిలి పొగ లోపలికి వస్తోంది. ఆ పొగలో వాసన లేని విషవాయువు ఉంటుంది. ముందు కిటికీలు తెరిచి, పైపు జాయింట్ల దగ్గర మసి మరకలు వెతకండి.

స్టీరింగు దగ్గర ఒకరు ఎప్పుడూ మేలుకునే ఉండాలి. విశాఖ, గంగవరం రేవులకు వచ్చే పెద్ద ఓడలు రాత్రి పూట చిన్న బోటును చూసి పక్కకు తప్పుకుంటాయనుకోవద్దు. వల లాగుతున్నప్పుడు పైన పచ్చ దీపం, కింద తెల్ల దీపం చుట్టూ కనపడేలా వెలగాలి. బ్యాటరీ పొదుపని ఆర్పేస్తే మనం అక్కడ లేనట్టే.

చేతులు, ముళ్లు, పాములు

మందుల డబ్బాలో పోవిడోన్ అయోడిన్, గాయానికి కట్టే గాజు గుడ్డ, అంటు పట్టీలు, పారాసెటమాల్, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, క్లోట్రిమజోల్, చిన్న పట్టకారు, కత్తెర. టెటనస్ సూది ఒడ్డునే వేయించుకోవాలి. చిన్న గీతే కదా అని ఉప్పునీళ్లలో కడిగి వదిలేయడం వద్దు. చేప రసం తగిలిన గాయం ఒక్క రోజులో చెయ్యంతా వాపెక్కించగలదు. మంచినీళ్లూ సబ్బుతో ఐదు నిమిషాలు కడిగి, అయోడిన్ రాసి కట్టాలి. ఎర్ర గీత మోచేయి వైపు పాకుతున్నా, జ్వరం వచ్చినా వేట ఆపి ఒడ్డుకు తిరగాల్సిందే.

జెల్ల ముల్లు, టేకు చేప తోక ముల్లు గుచ్చుకుంటే నొప్పికి అరుస్తారు. మనం ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో, కాలకుండా, అరగంట నుంచి గంటన్నర ఆ భాగం ముంచి ఉంచితే నొప్పి తగ్గుతుంది. వేడి చూడటానికి బాగున్న రెండో చెయ్యి పెట్టి చూడాలి. నొప్పిలో ఉన్న చెయ్యికి వేడి తెలియదు. జెల్లీఫిష్ తగిలితే మంచినీళ్లు కాదు, సముద్రపు నీళ్లే పోయాలి.

వలలో సముద్రపు పాము వస్తుంది, తోక తెడ్డులా చదునుగా ఉంటుంది. చచ్చినట్టు పడి ఉన్నా చేత్తో తీయొద్దు, ఇనుప కొక్కెంతో ఎత్తి విసిరేయాలి. కాటు పెద్దగా నొప్పి పుట్టించదు కాబట్టి ఏమీ కాలేదనుకుంటారు. కొన్ని గంటల్లో ఒళ్లు నొప్పులు, దవడ బిగుసుకోవడం, మూత్రం నల్లబడటం మొదలవుతుంది. కోయడం, గట్టిగా కట్టడం చేయకుండా, కర్ర కట్టి ఆ చెయ్యి కదలకుండా ఉంచి, వెంటనే రేడియోలో సాయం అడగాలి. నేల మీది పాములకు వేసే మామూలు విరుగుడు సూది దీనికి పనిచేయదు. ఊపిరికి యంత్రం, కిడ్నీకి వైద్యం ఉన్న పెద్దాసుపత్రే కావాలి.

ఐసు గదిలోకి ఒక్కరే దిగొద్దు. అడుగున చేప కుళ్లిన నీళ్ల నుంచి వచ్చే వాయువు మనిషిని ఒక్క శ్వాసలో పడేస్తుంది. మూత తీసి ఇరవై నిమిషాలు ఆగాలి, పైన ఇంకొకరు ఉండాలి. లోపల పడిపోయినవాడి కోసం రెండోవాడు దూకితే రెండు శవాలే. ముందు గాలి ఆడించి, తాడు కట్టుకునే దిగాలి.

కబురు, కాగితాలు

ఒడ్డు నుంచి పదిహేను ఇరవై కిలోమీటర్లు దాటితే ఫోను బొమ్మ చూసుకోవడానికే. కబురంతా వీహెచ్‌ఎఫ్ రేడియో 16వ చానల్‌లోనే. సిగ్నల్ ఉన్నచోట కోస్ట్ గార్డు నంబరు 1554, మెరైన్ పోలీసులది 1093. ఈ రెండూ, బోటు రిజిస్ట్రేషన్ నంబరు, యజమాని ఫోను నంబరు ఇంట్లో గోడ మీద రాసి వెళ్లాలి. ఆధార్, మత్స్యకార గుర్తింపు కార్డు అసలుతో పాటు ఒక నకలు నీళ్లు చొరని కవరులో ఒంటి మీద ఉండాలి. 2018 చివర్లో గుజరాత్ నుంచి వేటకెళ్లి పాకిస్తాన్ చేతికి చిక్కిన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారుల్లో 20 మంది 2020 జనవరిలో గానీ విడుదల కాలేదు. అటు వెళ్లేవాళ్లు జీపీఎస్ తెర మీద సరిహద్దు గీతను ప్రతి ఎత్తుకూ చూసుకోవాలి.

మన తీరంలో మరబోటు నిశ్చింతగా తలదాచుకునే హార్బరంటే విశాఖదే. కళింగపట్నం ఎదురుగా ఉంటే అక్కడికి సుమారు 60 నాటికల్ మైళ్లు. ఎనిమిది నాట్లలో ఏడున్నర గంటలు. బారువ ఎదురుగా అయితే వంద మైళ్లు, పన్నెండు పదమూడు గంటలు. గాలి ఎదురైతే ఒకటిన్నర రెట్లు వేసుకోవాలి. కాబట్టి వాయుగుండం కబురు విన్నాక "ఇంకో రెండు ఎత్తులు చూసి పోదాం" అనే మాటకు ఎనిమిది గంటలు ఖర్చవుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ, 2021 సెప్టెంబరులో గులాబ్ తుఫానులు శ్రీకాకుళం జిల్లా మీదే తీరం దాటాయి. సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా పొద్దునా సాయంత్రం వాతావరణ హెచ్చరిక వినకుండా వల దించకూడదు. వంశధార, నాగావళి మొగల్లోకి దూరిపోదామనే ఆలోచన గాలిలో వద్దు. ఇసుక మేటల మీద విరిగే అలలు నడిసముద్రపు అలల కంటే చెడ్డవి.

మనిషి పడితే చేయాల్సింది మొదటి రోజే అనుకుని పెట్టుకోవాలి. చూసినవాడు అరిచి, గుండ్రటి బోయా (నీళ్లలో తేలే చక్రం) విసిరి, పడ్డవాడి మీదినుంచి కన్ను తీయకుండా వేలు చూపిస్తూ నిలబడాలి. వాడికి ఇంకో పని చెప్పకూడదు. అలల్లో తల ఒక్కసారి కనపడకపోతే మళ్లీ దొరకదు. డ్రైవరు జీపీఎస్‌లో గుర్తు నొక్కి ఇంజిన్ న్యూట్రల్‌లో పెడతాడు. వల నీళ్లలో ఉంటే బోటు వెంటనే తిరగదు, అందుకే ఆ బోయాకు ముప్పై బారల తాడు ముందే కట్టి ఉండాలి.

ఆరో రోజు సాయంత్రం, ఏడో రోజు

ఆరో రోజు సాయంత్రం రెండో డ్రమ్ములో కనీసం నలభై లీటర్లు ఉండాలి. ఉంటే తలా రెండు లీటర్లు అదనంగా ఒళ్లు కడుక్కోవడానికి పంచవచ్చు. అంతకంటే మంచి పండుగ బోటు మీద లేదు. మూడోది ముట్టకూడదు, హార్బరు ముఖద్వారంలో ఇంజిన్ ఆగిపోయే బోట్లూ ఉంటాయి.

జెట్టీ చేరాక రెండు మూడు గంటలు నేల ఊగినట్టుంటుంది, అది జబ్బు కాదు. ఆ పూట బండి నడపడం మాత్రం వద్దు. నిద్ర జత తప్ప బట్టలన్నీ బకెట్టు మంచినీళ్లలో రెండుసార్లు నానబెట్టి పిండాలి. ఒక్కసారికి ఉప్పు పోదు, నాలుకతో చూస్తే తెలుస్తుంది. గ్యాసు ఎంత మిగిలిందో సిలిండరు ఊపి కాకుండా తూచి చూడండి. బియ్యం, ఉల్లి, నూనె మిగిలింది ఎంతో, ఏది ఏ రోజుకు అయిపోయిందో డ్రమ్ము మూత మీద సుద్దముక్కతో రాయాలి. పక్కనే మూడు డ్రమ్ముల్లో నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో గీత గీయాలి. వచ్చే వేటకు సరుకులు తెచ్చేవాడు ఆ మూత చూసి దుకాణానికి వెళతాడు.